25 ఎత్తుల్లో 'డ్రా'.. 15 ఏళ్ల కిరీటానికి బీటలు! కాస్పరోవ్‌ను కట్టిపడేసిన 'బెర్లిన్ డిఫెన్స్' కథేంటి?

చెస్ వార్తల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది. అదే 'డ్రా'. హంపి గేమ్ డ్రా.. అర్జున్ గేమ్ డ్రా.. హారిక పాయింట్ పంచుకుంది.. ఇలాంటి హెడ్‌లైన్ కనిపించగానే చాలామంది స్క్రోల్ చేసేస్తారు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఇక చదవడానికేముంది అనిపిస్తుంది. నాలుగైదు గంటలు కూర్చుని చివరికి చేతులు కలిపి లేచిపోవడం ఏం ఆట అని అడిగేవాళ్లూ ఉన్నారు.

కానీ ఒక్క డ్రాతోనే ప్రపంచ ఛాంపియన్‌కు ముచ్చెమటలు పట్టాయంటే నమ్ముతారా? 15 ఏళ్లు ఎదురులేకుండా చెస్ ప్రపంచాన్ని ఏలిన గ్యారీ కాస్పరోవ్ పతనం మొదలైంది ఓటమితో కాదు. 2000 అక్టోబర్ 8న లండన్‌లో 25 ఎత్తుల్లో ముగిసిన ఒక డ్రాతో. ఆ డ్రా వెనక ఉన్న ఓపెనింగ్ పేరు బెర్లిన్ డిఫెన్స్. అసలు ఆ రోజు బోర్డు మీద ఏం జరిగింది? డ్రా కోసం కూడా వ్యూహం ఉంటుందా? చెస్ ఎక్కువగా తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా తెలుసుకుందాం.

డ్రా అంటే ఏంటి? ఎన్ని రకాలు?

చెస్‌లో గెలిస్తే 1 పాయింట్. ఓడితే సున్నా. డ్రా అయితే ఇద్దరికీ చెరో అర పాయింట్. అయితే అన్ని డ్రాలూ ఒకేలా ఉండవు.

మొదటిది, ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకునే డ్రా. ఒకరు ప్రతిపాదిస్తారు, రెండోవారు సరేనంటారు. రెండోది స్టేల్‌మేట్. రాజుకు చెక్ లేదు, కానీ ఆడాల్సినవారికి నిబంధనల ప్రకారం కదపడానికి ఒక్క ఎత్తు కూడా లేదు. అప్పుడు గేమ్ అక్కడితో డ్రా. మూడోది, బోర్డు మీద ఒకే పొజిషన్ మూడుసార్లు రావడం. నాలుగోది, ఇద్దరూ వరుసగా 50 ఎత్తులు ఆడినా ఒక్క బంటు కదలకపోవడం, ఒక్క పావు కూడా చావకపోవడం. ఐదోది, చెక్‌మేట్ చేయడానికి సరిపడా పావులు ఎవరి దగ్గరా మిగలకపోవడం.

ఇందులో ఎక్కువ విమర్శలు వచ్చేది మొదటి రకం మీదే. ఆడకుండానే రాజీ పడ్డారన్న మాట అక్కడే పుడుతుంది. కానీ అదే డ్రా ఒక్కోసారి యుద్ధం గెలిచినంత పని చేస్తుంది.

క్రికెట్ అభిమానులకు ఇది కొత్తేమీ కాదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు గుర్తుందా? తొడ కండరాల గాయంతో సరిగ్గా పరుగెత్తలేని స్థితిలో కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అవతలి ఎండ్‌లో అశ్విన్ గోడలా నిలబడ్డాడు. స్కోరు బోర్డు మీద అది డ్రానే. కానీ ఆ డ్రా లేకపోతే ఆ తర్వాత బ్రిస్బేన్‌లో సిరీస్ గెలుపు ఉండేది కాదు. చెస్‌లో నల్లపావులతో డ్రా సాధించడం కూడా దాదాపు అలాంటిదే.

ఎందుకంటే చెస్‌లో మొదటి ఎత్తు ఎప్పుడూ తెల్లపావులదే. టెన్నిస్‌లో సర్వీస్ చేతిలో ఉన్నట్టు, ఆట దిశను ముందుగా నిర్ణయించే అవకాశం తెల్లపావులకే ఉంటుంది. అందుకే పెద్ద పోటీల్లో తెల్లపావులతో గెలవడానికి ప్రయత్నించాలి, నల్లపావులతో నిలబడాలి అన్నది పాత లెక్క. లండన్‌లో ఒక కుర్రాడు సరిగ్గా ఈ లెక్కతోనే వచ్చాడు.

ఛాంపియన్ ముందు ఒకప్పటి సహాయకుడు

1985 నవంబర్‌లో అనతోలి కార్పోవ్‌ను ఓడించి కాస్పరోవ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి అతడి వయసు 22. ఆ తర్వాత 15 ఏళ్ల పాటు ఆ కిరీటాన్ని ఎవరికీ ఇవ్వలేదు. 1993లో అంతర్జాతీయ చెస్ సమాఖ్య 'ఫిడే' నుంచి బయటికి వచ్చి టైటిల్ మ్యాచ్‌లు విడిగా ఆడాడు. 1995లో న్యూయార్క్‌లో మన విశ్వనాథన్ ఆనంద్ కూడా అతడి ముందు నిలవలేకపోయాడు.

ఆనంద్‌తో జరిగిన ఆ మ్యాచ్‌కు కాస్పరోవ్ సహాయక బృందంలో పనిచేసిన కుర్రాడే వ్లాదిమిర్ క్రామ్నిక్. అంటే కాస్పరోవ్ ఎలా సిద్ధమవుతాడు, ఏ పొజిషన్లు అంటే ఇష్టం, ఎక్కడ చిరాకు పడతాడు అన్నది దగ్గర్నుంచి చూసినవాడు. ఐదేళ్లు తిరిగేసరికి అదే క్రామ్నిక్ ఎదురుగా కూర్చున్నాడు. 2000లో లండన్‌లో జరిగిన ఆ టైటిల్ పోరుకు క్రామ్నిక్ వయసు 25, కాస్పరోవ్ వయసు 37. మొత్తం 16 గేమ్‌లు. ప్రైజ్‌మనీ 20 లక్షల డాలర్లు.

కాస్పరోవ్ బలం ఏంటో అందరికీ తెలుసు. దాడి. క్వీన్లు బోర్డు మీద ఉండాలి, బోర్డు మధ్యలో గొడవ జరగాలి, ప్రత్యర్థి రాజు ఊపిరి పీల్చుకోకూడదు. ఓపెనింగ్ తయారీలో కూడా అతడిని మించినవాళ్లు లేరు. ప్రత్యర్థి ఇంకా ఆలోచనలో ఉండగానే అతడు ఇంటి దగ్గర 20 ఎత్తుల వరకు చూసుకుని వచ్చేవాడు. అలాంటి ఆటగాడిని నల్లపావులతో ఆపడం ఎలా?

క్రామ్నిక్ దగ్గరున్న సమాధానం ఒక్కటే. అతడికి ఇష్టమైన ఆటే రానివ్వకూడదు.

8 ఎత్తుల్లోనే క్వీన్లు మాయం

తొలి గేమ్‌లో కాస్పరోవ్‌కు తెల్లపావులు. రాజు ముందున్న బంటును రెండు గళ్లు ముందుకు జరిపి గేమ్ మొదలుపెట్టాడు. క్రామ్నిక్ కూడా అదే పని చేశాడు. కాస్పరోవ్ గుర్రాన్ని బయటికి తీసి నల్లబంటు మీద దాడి పెట్టాడు. క్రామ్నిక్ తన గుర్రంతో ఆ బంటుకు కాపలా పెట్టాడు. మూడో ఎత్తులో కాస్పరోవ్ బిషప్‌ను తీసి ఆ గుర్రం మీదికి గురిపెట్టాడు. ఇంతవరకు ఇది 'రూయ్ లోపెజ్' ఓపెనింగ్. 16వ శతాబ్దానికి చెందిన స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ పేరు మీద వచ్చింది. చెస్ నేర్చుకునే పిల్లలకు తొలి రోజుల్లోనే పరిచయమయ్యే ఓపెనింగ్ ఇది.

అసలు మలుపు నల్లపావుల మూడో ఎత్తులో వచ్చింది. ఇక్కడ ఎక్కువమంది ఒక చిన్న బంటును జరిపి బిషప్‌ను ప్రశ్నిస్తారు. క్రామ్నిక్ మాత్రం రెండో గుర్రాన్ని బయటికి తీసి, తెల్లపావుల మధ్య బంటు మీద ఎదురుదాడికి దిగాడు. ఇదే బెర్లిన్ డిఫెన్స్. 19వ శతాబ్దంలో బెర్లిన్ నగరానికి చెందిన ఆటగాళ్లు దీన్ని లోతుగా పరిశీలించడంతో ఆ పేరు స్థిరపడింది. పాతకాలంలో ఇమాన్యుయెల్ లాస్కర్ లాంటి దిగ్గజాలు కూడా దీన్ని ఆడారు. కానీ 2000 నాటికి అగ్రశ్రేణి పోటీల్లో దీన్ని ఆడేవాళ్లు చాలా తక్కువ. కాలం చెల్లిన ఓపెనింగ్ అన్న ముద్ర పడిపోయింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. కాస్పరోవ్ క్యాస్లింగ్ చేసి రాజును భద్రంగా పెట్టుకున్నాడు. క్రామ్నిక్ గుర్రం మధ్యలో ఉన్న తెల్లబంటును తినేసింది. కాస్పరోవ్ ఇంకో బంటును రెండు గళ్లు తోసి బోర్డు మధ్యభాగాన్ని తెరిచాడు. బంటును తిన్న గుర్రం వెనక్కి తగ్గి, ఈసారి తెల్ల బిషప్‌కు గురిపెట్టింది. ఆరో ఎత్తులో తెల్ల బిషప్ నల్ల గుర్రాన్ని తినేసింది, నల్లబంటు ఆ బిషప్‌ను తినేసింది. ఏడో ఎత్తులో తెల్లబంటు ఇంకో బంటును తిని మళ్లీ గుర్రాన్ని బెదిరించింది. గుర్రం పక్కకు జరిగింది.

ఎనిమిదో ఎత్తు. కాస్పరోవ్ క్వీన్ నల్ల క్వీన్‌ను తినేసింది, పైగా చెక్. క్రామ్నిక్ రాజు స్వయంగా ముందుకొచ్చి తెల్ల క్వీన్‌ను తినేశాడు.

అంతే. ఎనిమిది ఎత్తులు పూర్తయ్యేసరికి బోర్డు మీద రెండు క్వీన్లూ లేవు. ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన అటాకర్ చేతిలోంచి అతడి పెద్ద ఆయుధమే జారిపోయింది.

ఇందులో ఎవరిది పైచేయి?

ఇక్కడే అసలు తికమక. మామూలుగా చూస్తే తెల్లపావులే బాగున్నట్టు కనిపిస్తాయి. నల్ల రాజు ఇంటి నుంచి కదిలాడు కాబట్టి ఇక క్యాస్లింగ్ చేయలేడు. బోర్డు మధ్యలో నిలబడిపోయాడు. పైగా నల్లబంట్లలో రెండు ఒకే నిలువు వరుసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. వీటిని డబుల్డ్ పాన్స్ అంటారు. ముందున్నది కదలకపోతే వెనకున్నది కదల్లేదు. ఒకదానికొకటి కాపలా కాయలేవు.

బంట్ల లెక్క చూద్దాం. ఇద్దరికీ ఏడేసి బంట్లు. కాస్పరోవ్‌కు రాజు వైపున నాలుగు, క్రామ్నిక్‌కు అక్కడ మూడే. రెండో వైపున క్రామ్నిక్‌కు నాలుగు, కాస్పరోవ్‌కు మూడు. సమానమే కదా అనిపిస్తుంది. కానీ కాదు. కాస్పరోవ్ నాలుగు బంట్లూ ఆరోగ్యంగా ఉన్నాయి. అవి కలిసికట్టుగా ముందుకు కదిలితే ఒకటి అడ్డంకులు దాటి చివరి గడికి చేరి మళ్లీ క్వీన్ కాగలదు. క్రామ్నిక్ నాలుగు బంట్లలో రెండు ఇరుక్కున్నవే కాబట్టి అవి ఆ పని సులువుగా చేయలేవు. మిగతా పావులన్నీ మార్పిడి అయిపోయి రాజులు, బంట్లు మాత్రమే మిగిలితే ఆ ఎండ్‌గేమ్ సాధారణంగా తెల్లపావులకే విజయం. అంటే ఈ ఓపెనింగ్‌లో నల్లపావుల మెడ మీద ఎప్పుడూ ఒక కత్తి వేలాడుతూనే ఉంటుంది.

మరి క్రామ్నిక్ ఎందుకు ఒప్పుకున్నాడు? అతడి లెక్కలు అతడికి ఉన్నాయి. ఒకటి, అతడి దగ్గర రెండు బిషప్‌లు ఉన్నాయి, కాస్పరోవ్‌కు ఒక్కటే. బోర్డు తెరుచుకుంటే రెండు బిషప్‌ల జోడీ చాలా బలమైనది. రెండు, క్వీన్లు లేనప్పుడు రాజు మధ్యలో ఉన్నా పెద్దగా ప్రమాదం లేదు. మూడు, నల్లపావుల్లో చొరబడేందుకు బలహీనమైన చోట్లు పెద్దగా లేవు. తెల్లపావులు ఎక్కడ తట్టినా తలుపు తెరుచుకోదు.

వీటన్నిటికంటే పెద్దది నాలుగోది. ఇది కాస్పరోవ్‌కు నచ్చే ఆట కాదు. దాడి లేదు, మెరుపులు లేవు. ఒక్కో ఎత్తుకు ఒక గడి చొప్పున జరుపుకుంటూ గంటల తరబడి ఓపిగ్గా ఎదురుచూడాలి. క్రామ్నిక్‌కు మాత్రం ఇలాంటి ప్రశాంతమైన పొజిషన్లంటే చాలా ఇష్టం.

17 ఎత్తులు.. ఒక్క పావు కూడా చావలేదు

ఎనిమిదో ఎత్తులో క్వీన్లు వెళ్లిపోయాక మిగిలిన గేమ్‌లో ఒక వింత ఉంది. ఆ తర్వాత గేమ్ ముగిసేదాకా, అంటే 17 ఎత్తుల్లో, ఏ ఒక్కరూ ఒక్క పావును కూడా తినలేదు. బోర్డు మీద మొత్తం అటూ ఇటూ సర్దుబాట్లే.

క్రామ్నిక్ రాజు నెమ్మదిగా ఒక పక్కకు జరిగాడు. అతడి గుర్రం ప్రయాణం చూస్తే ఈ ఓపెనింగ్ స్వభావం మొత్తం అర్థమైపోతుంది. ఏడో ఎత్తులో ఎఫ్ వరుసలోని ఐదో గడిలో కూర్చున్న గుర్రం, 13వ ఎత్తులో వెనక్కి వెళ్లింది. అక్కడి నుంచి మరో పక్కకు దూకింది. 24వ ఎత్తులో మళ్లీ వెనక్కి వచ్చింది. 25వ ఎత్తులో సరిగ్గా మొదట కూర్చున్న గడికే చేరింది. అదే గేమ్‌లో చివరి ఎత్తు. ఊరంతా తిరిగి ఇంటికొచ్చినట్టు! ఇక నల్లపావుల్లో ఒక బిషప్ అయితే గేమ్ మొత్తంలో తన గడి నుంచి కదలనే లేదు.

మరి ఇంతసేపు క్రామ్నిక్ ఏం చేసినట్టు? గోడ కట్టాడు. అంచున ఉన్న బంటును ఒక్కో గడి చొప్పున మూడుసార్లు జరిపి, తెల్లబంట్ల ఎదురుగా నాలుగో వరుసలో నిలబెట్టాడు. చూడ్డానికి చిన్న ఎత్తులే. కానీ కాస్పరోవ్ గెలవాలంటే ఆ వైపున ఉన్న నాలుగు బంట్లు కదలాలి కదా. పక్కనున్న బంటును రెండు గళ్లు తోస్తే, 'ఎన్‌పసాంట్' అనే నిబంధన ప్రకారం ఆ అంచు బంటు దాన్ని దారిలోనే తినేయొచ్చు. ఒక్క గడి జరిపితే నేరుగానే తినేయొచ్చు. అలా కాస్పరోవ్ బంట్ల దండుకు ముందే బ్రేకులు పడ్డాయి. దానికి తోడు రూక్‌ను అదే అంచు వెంబడి పైకి తెచ్చి, గుర్రాన్ని పక్కన కాపలా పెట్టాడు క్రామ్నిక్.

రెండో వైపున కూడా ఇద్దరి బంట్లూ ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోయాయి. కాస్పరోవ్ గుర్రాలు ఇటు దూకాయి, అటు దూకాయి. ఒకటి నల్లపావుల మధ్యలోకి వెళ్లి చూసి మళ్లీ వెనక్కి వచ్చింది. ఎక్కడా పప్పులు ఉడకలేదు. 25వ ఎత్తు తర్వాత ఇద్దరూ చేతులు కలిపారు. తొలి గేమ్ డ్రా. స్కోరు 0.5-0.5.

ఒక్క డ్రా ఎందుకంత కీలకం?

బయటి నుంచి చూసినవాళ్లకు అది సాదాసీదా ఆరంభమే. మ్యాచ్‌లో మొదటి గేమ్ కాబట్టి ఇద్దరూ జాగ్రత్తగా ఆడారనుకున్నారు. కానీ లెక్క వేరే ఉంది.

16 గేమ్‌ల మ్యాచ్‌లో ఒక్కొక్కరికి తెల్లపావులు వచ్చేది ఎనిమిదిసార్లే. నల్లపావులతో డ్రా చేసుకున్న ప్రతిసారీ ప్రత్యర్థి దగ్గరున్న ఎనిమిది అవకాశాల్లో ఒకటి తగ్గిపోతుంది. తొలి గేమ్‌లో క్రామ్నిక్‌కు దక్కింది కేవలం అర పాయింట్ కాదు. కాస్పరోవ్ తెల్లపావులను తట్టుకునే ఫార్ములా దొరికిందన్న నమ్మకం. కాస్పరోవ్‌కు మిగిలింది కేవలం అర పాయింట్ నష్టం కాదు. ఈ గోడను ఎలా బద్దలు కొట్టాలన్న ప్రశ్న.

రెండో గేమ్‌లో ఆ తేడా వెంటనే కనిపించింది. ఈసారి తెల్లపావులు క్రామ్నిక్‌వి. గెలిచాడు. ఇప్పుడు వెనకబడింది ఛాంపియన్. అంటే కాస్పరోవ్ కచ్చితంగా గెలవాలి. గెలవాలంటే తెల్లపావులతో గెలవాలి. మూడో గేమ్‌లో తెల్లపావులతో మళ్లీ అదే దారిలో వెళ్లాడు. క్రామ్నిక్ మళ్లీ బెర్లిన్ ఆడాడు. మళ్లీ క్వీన్లు మాయం. ఈసారి పోరు 53 ఎత్తుల దాకా సాగింది. ఫలితం మాత్రం మారలేదు. డ్రా.

తొమ్మిదో గేమ్‌లో మళ్లీ బెర్లిన్, మళ్లీ డ్రా. పదో గేమ్‌లో తెల్లపావులతో క్రామ్నిక్ 25 ఎత్తుల్లోనే రెండో విజయం అందుకున్నాడు. ఇక 13వ గేమ్. కాస్పరోవ్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాడు, చేతిలో తెల్లపావులున్నాయి, గేమ్‌లు అయిపోతున్నాయి. అయినా బెర్లిన్ గోడ ముందు 14 ఎత్తుల్లోనే డ్రాకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఓటమి తెలియని ఛాంపియన్ ముందు దారులన్నీ ఒక్కొక్కటిగా ఎలా మూసుకుపోయాయో ఆ ఒక్క గేమ్ చాలు చెప్పడానికి.

మొత్తం నాలుగు గేమ్‌ల్లో బెర్లిన్ ఎండ్‌గేమ్ వచ్చింది. నాలుగూ డ్రానే. కాస్పరోవ్‌కు దక్కిన తెల్లపావుల గేమ్‌ల్లో సగం ఈ గోడకే తగిలి ఆగిపోయాయి. నవంబర్ 2న 15వ గేమ్ కూడా డ్రా కావడంతో క్రామ్నిక్ 8.5-6.5తో మ్యాచ్ గెలిచాడు. రెండు విజయాలు, 13 డ్రాలు. కాస్పరోవ్‌కు ఒక్క విజయం కూడా లేదు. 1921లో కాపాబ్లాంకా చేతిలో లాస్కర్ ఓడిన తర్వాత, ప్రపంచ ఛాంపియన్ ఒక్క గేమ్ కూడా గెలవకుండా కిరీటం పోగొట్టుకోవడం మళ్లీ అప్పుడే. కాస్పరోవ్‌కు రీమ్యాచ్ దక్కలేదు. 2005లో పోటీ చెస్‌కు వీడ్కోలు చెప్పేశాడు.

ఇక ఆ ఓపెనింగ్‌కు కొత్త పేరు వచ్చింది. 'బెర్లిన్ వాల్'. అసలు బెర్లిన్ గోడ 1989లో కూలిపోయింది. చెస్ బోర్డు మీది బెర్లిన్ గోడ మాత్రం 2000లో లేచి నిలబడింది.

డ్రాలతో బతికి.. డ్రాలతోనే కిరీటం పోగొట్టుకుని

ఈ కథలో ఇంకో విశేషం ఉంది. డ్రా విలువ ఏంటో కాస్పరోవ్ కంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ. 1984లో కార్పోవ్‌తో అతడి తొలి టైటిల్ పోరు జరిగింది. ఎవరు ముందు ఆరు గేమ్‌లు గెలిస్తే వాళ్లే విజేత అన్నది నిబంధన. తొలి తొమ్మిది గేమ్‌లకే కాస్పరోవ్ 0-4తో వెనకబడ్డాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. అప్పుడు అతడు పట్టుకున్నది డ్రానే. వరుసగా 17 గేమ్‌లు డ్రా అయ్యాయి. ఆ తర్వాత ఇంకోటి ఓడి 0-5 వరకు వెళ్లినా చేతులెత్తేయలేదు. మెల్లగా మూడు గేమ్‌లు గెలిచాడు. చివరికి 48 గేమ్‌లు, అందులో 40 డ్రాల తర్వాత 1985 ఫిబ్రవరిలో ఫలితం లేకుండానే ఆ మ్యాచ్‌ను నిలిపేశారు. అదే ఏడాది జరిగిన కొత్త మ్యాచ్‌లో కార్పోవ్‌ను ఓడించాడు. అంటే తనను ఛాంపియన్‌ను చేసిన దారిలో డ్రాలే మెట్లు. 15 ఏళ్ల తర్వాత అవే మెట్లు ఎక్కి ఇంకొకరు తన కిరీటాన్ని తీసుకెళ్లారు.

ఆనంద్‌కు తీపి లేదు, చేదే ఎక్కువ

బెర్లిన్ గోడతో మన ఆనంద్‌కు కూడా గట్టి అనుబంధమే ఉంది. 2013లో చెన్నైలో మాగ్నస్ కార్ల్‌సన్‌తో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నాలుగో గేమ్ చూడండి. ఆనంద్‌వి తెల్లపావులు, కార్ల్‌సన్ బెర్లిన్ ఆడాడు. 64 ఎత్తులు పోరాడి డ్రా చేసుకున్నారు. అదే మ్యాచ్ ఆరో గేమ్‌లో ఆనంద్ క్వీన్లు మార్చుకునే దారి వదిలేసి బెర్లిన్‌కు వేరే సమాధానం ఇచ్చాడు. కానీ ఓడింది ఆనందే.

మరుసటి ఏడాది రష్యాలోని సోచిలో సీన్ రివర్స్. ఈసారి గోడ వెనక ఆనంద్ ఉన్నాడు. ఏడో గేమ్‌లో కార్ల్‌సన్ గంటల తరబడి తడుతూనే ఉన్నాడు. ఆనంద్ తలుపు తీయలేదు. 122 ఎత్తుల తర్వాత డ్రా! ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో అత్యంత పొడవైన గేమ్‌ల్లో అదొకటి. కానీ 11వ గేమ్‌లో అదే బెర్లిన్ ఎండ్‌గేమ్‌లో ఆనంద్ సాహసం చేశాడు. రూక్‌ను ఇచ్చి బదులుగా చిన్న పావును తీసుకునే త్యాగానికి సిద్ధపడ్డాడు. అది బెడిసికొట్టింది. గేమ్ పోయింది, దాంతో పాటే మ్యాచ్ కూడా పోయింది.

ఈ రెండు గేమ్‌లు చెప్పేది ఒకటే. బెర్లిన్ ఆడితే డ్రా దానంతటదే రాదు. గోడ ఎంత గట్టిదైనా కాపలా మనిషి ఒక్క క్షణం తప్పు చేస్తే చాలు.

మరి విమర్శల సంగతేంటి?

డ్రాను ఎంత మెచ్చుకున్నా, అభిమానుల అసహనంలో కూడా న్యాయం ఉంది. బెర్లిన్‌లోనే ఇంకో దారి ఉంది. అందులో నల్ల క్వీన్, తెల్ల క్వీన్ ఒకే ఎత్తులను పదేపదే ఆడుతూ పొజిషన్‌ను మూడుసార్లు తెప్పిస్తాయి. 14 ఎత్తుల్లో గేమ్ ఖతం. ఇద్దరికీ ఆ రోజు విశ్రాంతి కావాలనుకుంటే ఈ దారి చాలు. పోరాడి సాధించిన డ్రాకు, ఇంటి నుంచే రాసుకొచ్చిన డ్రాకు తేడా ఇదే. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లకు, టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఇది మోసం చేసినట్టే అనిపిస్తుంది.

అందుకే నిర్వాహకులు రకరకాల మందులు వాడారు. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నీలో ఆటగాళ్లు తమలో తాము డ్రా మాట్లాడుకోవడాన్ని నిషేధించారు. దాన్నే ఇప్పటికీ 'సోఫియా రూల్' అంటారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కూడా ఇన్ని ఎత్తులు పూర్తయ్యేదాకా డ్రా ప్రతిపాదించకూడదన్న షరతు వచ్చింది. 2024లో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ మధ్య పోరులో ఆ పరిమితి 40 ఎత్తులు. నార్వే చెస్‌లో అయితే క్లాసికల్ గేమ్ డ్రా అయితే అక్కడితో వదలరు. వెంటనే 'ఆర్మగెడాన్' ఆడిస్తారు. అందులో తెల్లపావులకు ఎక్కువ సమయం, నల్లపావులకు తక్కువ సమయం. కానీ డ్రా అయితే గెలుపు నల్లపావులదే. మన హంపి, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2025లో ఈ పద్ధతిలోనే ఆడారు.

ఇన్ని చేసినా డ్రాలు ఆగాయా? లేదు. 2018లో లండన్‌లోనే కార్ల్‌సన్, ఫాబియానో కరువానా మధ్య టైటిల్ పోరులో 12 క్లాసికల్ గేమ్‌లకు 12 డ్రా అయ్యాయి. చివరికి ర్యాపిడ్ టైబ్రేక్‌లో కార్ల్‌సన్ 3-0తో గెలిచాడు. 2025 జులైలో జార్జియాలోని బటుమిలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్ కూడా అంతే. హంపి, దివ్య దేశ్‌ముఖ్ మధ్య రెండు క్లాసికల్ గేమ్‌లూ డ్రా. టైబ్రేక్‌లో దివ్య 1.5-0.5తో పైచేయి సాధించింది. తప్పు చేయని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే చెస్ డ్రా వైపే మొగ్గు చూపుతుంది. అది ఆట స్వభావం.

ఈసారి 'డ్రా' అని కనిపిస్తే ఇవి చూడండి

తర్వాతిసారి మన ఆటగాళ్ల గేమ్ డ్రా అయిందని వార్త వస్తే మూడు విషయాలు గమనిస్తే చాలు. మొదటిది, నల్లపావులు ఎవరివి? నల్లపావులతో బలమైన ప్రత్యర్థిని ఆపితే అది చిన్న విజయమే. రెండోది, పాయింట్ల పట్టికలో ఎవరు ముందున్నారు? ఆధిక్యంలో ఉన్నవారికి ప్రతి డ్రా ఒక అడుగు ముందుకు, వెనకబడినవారికి ఒక అవకాశం చేజారినట్టు. మూడోది, ఏ ఓపెనింగ్, ఎన్ని ఎత్తులు? 14 ఎత్తుల డ్రా వేరు, 122 ఎత్తుల డ్రా వేరు.

2000 అక్టోబర్ 8న లండన్ గేమ్‌కు ఈ మూడు ప్రశ్నలూ వేసి చూడండి. నల్లపావులు క్రామ్నిక్‌వి. ఆధిక్యం అప్పటికి ఎవరికీ లేదు, మ్యాచ్ ఇప్పుడే మొదలైంది. ఓపెనింగ్ మాత్రం కాస్పరోవ్ ఊహించనిది. స్కోరు షీట్ మీద ఇద్దరికీ చెరో అర పాయింటే రాశారు. కానీ ఆ సాయంత్రం బోర్డు ముందు నుంచి లేచినప్పుడు ఒకరికి సమాధానం దొరికింది, ఇంకొకరికి ప్రశ్న మిగిలింది. మిగతా 14 గేమ్‌ల్లో కాస్పరోవ్ ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నాడు.